పానా ముందు, ప్రశ్న తర్వాత

పాత బోటు కొనడానికి వచ్చే కుర్రాళ్లను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. వస్తారు, రంగు చూస్తారు, కేబిన్లో పాటలు మోగుతున్నాయో లేదో చూస్తారు, "ఎన్ని హెచ్.పి.?" అని అడుగుతారు. అమ్మేవాడు సెల్ఫ్ కొడతాడు, ఇంజను గుర్రుమంటుంది, వీళ్లు అక్కడికక్కడే బయానా ఇచ్చేస్తారు. వారం తిరక్కుండానే మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటాక ఆగిపోయిందనీ, ఇంకో బోటు తాడేసి లాక్కొచ్చిందనీ కబురొస్తుంది. అప్పుడు గుర్తొస్తాను నేను. కొనేముందే ముసలాడి గుమ్మం తొక్కితే పరువు పోతుంది కాబోలు.

మా రోజుల్లో కాకినాడ జగన్నాథపురం రేవులో పాత బోటు చూడబోయే మేస్త్రీ చెప్పాపెట్టకుండా, తెల్లారకముందే వెళ్లేవాడు. వెళ్లగానే ఇంజను మీద అరచెయ్యి ఆనించేవాడు. వెచ్చగా తగిలిందంటే అమ్మేవాడు రాత్రే ఒకసారి తిప్పి ఉంచాడన్నమాట. చల్లగా ఉన్నప్పుడు అది అందుకోదనీ, ఆ సంగతి దాస్తున్నాడనీ అప్పుడే తెలిసిపోయేది. ఇక బేరం అక్కడ్నుంచి మొదలు. ఆయిల్ పుల్ల బయటికి తీసి వేళ్ల మధ్య రాసేవాడు. ఆయిల్ తెల్లగా విరిగి ఉంటే లోపలికి నీళ్లు దిగుతున్నాయి, హెడ్ గ్యాస్కెట్టో ఆయిల్ కూలరో పోయింది. మరీ కొత్తగా తళతళలాడినా ఆయనకు అనుమానమే. అమ్మే బోటుకు నిన్న ఆయిల్ మార్చాల్సిన అవసరం ఎవడికొచ్చింది?

ఆ తర్వాత పొగ. చల్లటి ఇంజను మొదట కాస్త తెల్ల పొగ వదలడం మామూలే, వేడెక్కితే పోతుంది. వేడెక్కినా పోలేదంటే కంప్రెషన్ తగ్గింది, లేదా నాజిల్ డీజిల్‌ని తుంపరగా కొట్టకుండా ధారగా కారుస్తోంది, లేదా సిలిండర్లోకి నీళ్లు వస్తున్నాయి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, రింగులు అరిగాయి. లోడు మీద నల్లగా వస్తే గాలి చాలడం లేదు, లేదంటే దాని శక్తికి మించిన బరువు మోయిస్తున్నారు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే, ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతుంది. ఫోన్లో దొరకనిది ఒకటుంది. మా మేస్త్రీ చివర్లో బోటు మీది కళాసీని పక్కకు పిలిచి ఓ బీడీ ఇచ్చేవాడు. "ఏరా, ఎక్కడ ఏడిపిస్తోంది ఇది?" అనేవాడు. ఓనరు చెప్పనిదంతా ఆ బీడీ కాలేలోపు కళాసీ చెప్పేసేవాడు.

మాకేదో పుట్టుకతో తెలివి వచ్చిందని కాదు నేను చెప్పేది. అసలు కారణం లేమి. 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్.ఏ.ఓ. నిపుణులు వచ్చి మన తీరాలకు చిన్న మరబోట్ల నమూనాలు గీశాక, ఈ రేవులో పాబ్లో అనీ, రొయ్య బోటు అనీ, తర్వాత సోనా బోటు అనీ ఒక్కో రకమూ దిగాయి. బోట్లు ఇక్కడే కట్టుకున్నాం గానీ ఇంజను సామాను మాత్రం మద్రాసు నుంచి రావాలి. ఉత్తరం రాసి, డబ్బు పంపి, పార్సిల్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈలోగా బోటు ఒడ్డునే, పొయ్యి మీద కుండా ఖాళీయే. కాబట్టి పోయింది నాజిలా, పంపు ఎలిమెంటా, వాల్వు స్ప్రింగా అని రూఢిగా తేల్చుకున్నాకే సామాను రాయించేవాళ్లం. తప్పు సామాను తెప్పించినవాడు ఆ సీజనంతా రేవులో తలెత్తుకోలేడు. ఇప్పుడు ఏ సామానైనా పొద్దున ఫోన్ కొడితే సాయంత్రానికి బస్సులో దిగుతుంది. అందుకే ముందు మార్చేసి, తర్వాత ఆలోచిస్తున్నారు. మారుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అసలుది కూడా మారుతుందిగా! దాన్ని రిపేరు అంటున్నారు.

ఈ మధ్య మా వీధి కుర్రాడొకడు ఫైబర్ బోటు కొన్నాడు, లోపల డీజిల్ ఇంజను. పేరెందుకు గానీ, చిన్నప్పుడు మా అరుగు మీద ఆడుకున్నవాడే. ఒక పొద్దున వచ్చి నిలబడ్డాడు.

"తాతా, జెట్టీ దగ్గర ఎంతసేపైనా బాగానే ఆడుతోంది. మొగ దాటి కెరటాల్లో పడగానే దగ్గి దగ్గి ఆగిపోతోంది. కాసేపాగి పంపు కొడితే మళ్లీ అందుకుంటుంది."

"ఏం చేశారిప్పటిదాకా?"

"మెకానిక్కు ఇంజెక్షన్ పంపు విప్పి కాలిబ్రేషన్‌కి పంపాడు. నాజిళ్లు మార్చాడు. అయినా అంతే. ఇప్పుడు ఇంజను దింపి బోరు చేయించాలంటున్నాడు."

చూశారా? బోరు అరిగిన ఇంజనుకి జెట్టీ ఏది, కెరటం ఏది అని తెలుస్తుందా? రెండు చోట్లా ఒకేలా ఏడవాలి కదా. కెరటాల్లోనే ఆగుతోందంటే, బోటు ఊగినప్పుడు కదిలేదేదో ఉంది. బోటు ఊగితే కదిలేవి ట్యాంకులో డీజిల్, ట్యాంకు అడుగున మడ్డి, డీజిల్ గొట్టాలు. ఇంత మాత్రం ఆలోచించడానికి మేస్త్రీ కూడా అక్కర్లేదు.

వెళ్లాను. ముందు ఫిల్టరు గిన్నె విప్పించాను. అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు. డీజిల్లో నీళ్లు నిలిస్తే ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి ఇలాంటి జిగురు కడుతుంది. పాత బోటు నెలల తరబడి సగం ట్యాంకుతో ఎండలో పడుంటే ఇంకేమవుతుంది? ఖాళీ జాగాలో గాలి తేమ నీరై దిగుతుంది. మేం రేవులో బోటు నిలిపినప్పుడు ట్యాంకు నిండుగా ఉంచేవాళ్లం. అమ్మకానికి పెట్టినవాడు ట్యాంకు నింపుతాడా? ఉన్నది కూడా తోడుకుపోతాడు.

సరే, ఇదొక్కటేనా అన్నది తేల్చుకోవాలి. శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోయించి, దాన్ని ఇంజనుకంటే ఎత్తులో కట్టించి, ట్యాంకు లైను తీసేసి డబ్బా గొట్టం తగిలించాను. ఎయిర్ తీశాం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండు ధార. నిండు ధార వచ్చాకే బిగించాలి, కుర్రాళ్లు బుడగలుండగానే బిగించేస్తారు. ఆ డబ్బాతోనే మొగ బయటికి పోయాం. ఇంజను ఒక్క దగ్గు దగ్గితే ఒట్టు! అంటే పంపుకీ, నాజిళ్లకీ, బోరుకీ ఏ పాపమూ లేదు. తప్పు ట్యాంకుకీ ఫిల్టరుకీ మధ్యలోనే ఉంది.

ఒడ్డుకొచ్చి ట్యాంకు కడిగించి, పాత లైనే మళ్లీ తగిలించి, ఫిల్టరు ముందు జానెడు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం అడ్డంగా పెట్టాను, లోపల పారేది కంటికి కనపడాలని. ఇంజను స్టార్టు చేసి, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని వంపు దగ్గర చేత్తో అటూ ఇటూ ఊపాను. తెల్ల గొట్టంలో బుడగలు బారులు తీరాయి. ఊపడం ఆపాను, బుడగలు ఆగాయి. కుర్రాడి నోరు తెరుచుకుపోయింది. ఆ వంపు దగ్గర గొట్టం పగిలి ఉంది, క్లిప్పు కింద దాక్కున్న వెంట్రుకంత పగులు.

"మరి డీజిల్ కారలేదేంటి తాతా?" అన్నాడు.

అదేరా అబ్బాయ్ తెలుసుకోవాల్సింది. పంపు తోసే వైపు లీకైతే డీజిల్ బయటికి కారుతుంది. పంపు పీల్చే వైపు పగిలితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. గుడ్డతో తుడిచి చూస్తే పొడిగానే ఉంటుంది. చూసినవాడు అక్కడేం లేదని ముందుకెళ్లిపోతాడు, చివరికి ఇంజను దింపుతాడు. మూరెడు గొట్టం, రెండు క్లిప్పులతో అయిపోయింది పని. కాలిబ్రేషన్‌కీ నాజిళ్లకీ వాడు పోసింది నేను అడగలేదు. అడిగితే నాకు రాత్రి నిద్ర పట్టదు.

నాజిళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అన్నీ ఒకేసారి మార్చడం ఇప్పటి ఫ్యాషను. మేం ఇంజను నిదానంగా ఆడుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసేవాళ్లం, చేతికి గుడ్డ చుట్టుకుని, మొహం దూరం పెట్టుకుని మరీ. ఆ ధార చర్మంలోకి దిగితే చెయ్యి తీసెయ్యాల్సి వస్తుంది, ఎవరూ తమాషా అనుకోవద్దు. పనిచేసే సిలిండరుదైతే వదులు చెయ్యగానే ఇంజను తడబడుతుంది. ఏ నట్టు వదిలినా చప్పుడు మారలేదో, ఆ సిలిండరే ముందునుంచీ చచ్చి ఉంది. దాని సంగతి చూసుకుంటే చాలు. ఇప్పటి కొత్త ఇంజన్లలో ఇలా చెయ్యకూడదు. వాటి పైపుల్లో ప్రెషరు వేరే లెక్క, మనిషిని చంపేస్తుంది. వాటికి కంప్యూటరు పెట్టి కోడు చదువుతారు. చదవనీ, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే డీజిల్ ప్రెషరు తక్కువుందని కోడు వస్తే చటుక్కున పంపు మార్చేస్తారే, అదీ నా బాధ. ప్రెషరు తక్కువని సెన్సారు చెప్పింది. ఎందుకు తక్కువో అది చెప్పలేదు. మళ్లీ ఆ ఫిల్టరు గిన్నె దగ్గరికే వచ్చి కూర్చోవాలి.

ఇక నీళ్ల పంపు. ఇంజను వేడెక్కిందంటే మొదట చూడాల్సింది సముద్రపు నీళ్లు లాగే నోరు. మా కాలంలో అక్కడ నాచో, చిన్న చేపో ఇరుక్కునేది. ఇప్పుడు తొంభై పాళ్లు ప్లాస్టిక్ కవరే, ఊళ్లో మనం పారేసిందే. నీళ్లు లేకుండా కాసేపు తిరిగితే చాలు, పంపులో రబ్బరు ఇంపెల్లరు రెక్కలు తెగిపోతాయి. కొత్త ఇంపెల్లరు వేసి చేతులు దులుపుకుంటారు, తెగిన ముక్కలెక్కడికి పోయాయని ఒక్కడూ అడగడు. అవి పైపులోనో కూలరు నోట్లోనో అడ్డం పడి ఉంటాయి. నెలకే మళ్లీ వేడి. పాత రెక్కలు లెక్కపెట్టి, తగ్గిన ముక్కలన్నీ దొరికేదాకా పైపులు విప్పించేవాడు మా మేస్త్రీ. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

ఇంజను బాగుండి బోటు కదలకపోతే అది వేరే కథ. ఇంజను రేజవుతుంది, బోటు మాత్రం నిలబడ్డ చోటే ఉంటుంది. వెంటనే "గేరు బాక్సు పోయింది" అంటారు. పోయి ఉండొచ్చు, క్లచ్చు ప్లేట్లు అరిగి జారుతుండొచ్చు, ఆయిల్ తగ్గి ఉండొచ్చు. కానీ ముందు ఒకడు కిందకి దిగి షాఫ్టు తిరుగుతోందో లేదో చూడొచ్చు కదా! షాఫ్టు తిరుగుతున్నా బోటు పోలేదంటే ప్రొపెల్లరు కీ తెగి ఉంటుంది, లేదా రెక్కలకు వల చుట్టుకుని ఉంటుంది. నైలాను వల షాఫ్టు వేడికి కరిగి గట్టి ముద్దయిపోతుంది. నూలు వలల కాలంలో కత్తి పెడితే తెగి వచ్చేది, ఇప్పుడు రంపం పట్టాలి. కప్లింగు దాకా తిరిగి అక్కణ్నుంచి వెనక తిరగలేదంటే బోల్టులు చూసుకోవాలి. ఇవన్నీ పైసా ఖర్చు లేని చూపులు. గేరు బాక్సు విప్పడం ఆఖర్న.

అదురు సంగతి మరీ ఘోరం. పాత బోటు కొన్నవాళ్లలో చాలామందికి తమ బోటు అదురుతోందని కూడా తెలియదు, అలవాటు పడిపోతారు. ఇంజను మార్చినప్పుడు పాత షాఫ్టుకి సరిగ్గా సూటి కలపకపోవడం వల్లే సగం అదురు. కప్లింగు బోల్టులు తీసి రెండు మొహాలూ దగ్గరకు చేర్చి, పైనా కిందా రెండు పక్కలా ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగు అంగుళాల కప్లింగుకి నాలుగు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మించి తేడా ఉండకూడదు. పైగా ఇది ఒడ్డున చేసే పని కాదు. కర్ర బోటు నేల మీద ఒకలా కూర్చుంటుంది, నీళ్లలో ఇంకోలా సర్దుకుంటుంది. నీళ్లలోకి దించి, ఒకటి రెండు రోజులు ఆగి అప్పుడు చూసేవాళ్లం. ఇప్పుడు పొద్దున ఇంజను ఎక్కించి సాయంత్రానికి బిల్లు ఇస్తున్నారు.

షాఫ్టు బోటు బయటికి పోయే చోట నీళ్లు లోపలికి రాకుండా ఉండే గ్లాండు దగ్గర కూడా ఇంతే. షాఫ్టు తిరుగుతున్నప్పుడు గ్లాండు నుంచి నిమిషానికి కాసిని చుక్కలు పడాలి. ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచేవి. చుక్క కనపడితే చాలు వీళ్లు పానా పట్టుకుని బిగిస్తారు. ఎండిన ప్యాకింగు షాఫ్టుని ఉలితో గీసినట్టు గీసేస్తుంది. ఆ తర్వాత ఎంత ప్యాకింగు కూరినా కారుడే. ప్యాకింగు రింగులు వేసేటప్పుడు అతుకులన్నీ ఒకే వరసలో పెట్టేస్తారు, నీళ్లకు దారి చూపించినట్టు. ఇది నేర్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. అసలు నేర్పేవాళ్లు లేకా? కాకినాడలోనే మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, విశాఖలో కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ వాళ్ల శాఖ ఉంది. ఇంజను డ్రైవర్లకు పద్ధతిగా చెబుతారు. మనవాళ్లు సర్టిఫికెట్టు తెచ్చుకుని మేకు కొట్టి గోడకు తగిలిస్తారు.

ఉప్పాడ వైపు కుర్రాళ్ల అవుట్‌బోర్డు మోటార్ల గురించి ఎక్కువ చెప్పను, అవి నా సొత్తు కాదు. స్టార్టయి కొద్దిసేపటికే ఆగిపోతే ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచారేమో చూసుకోమనండి. గేరు ఆయిల్ తెల్లబడితే ప్రొపెల్లరు వెనక గాలపు తీగ చుట్టుకుని సీలు కోసిందేమో చూడమనండి. రేజవుతూ బోటు పోకపోతే ప్రొపెల్లరు మధ్య రబ్బరు జారుతోందేమో, పెయింటుతో ఒక గీత గీసి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఇప్పుడు పెట్రోలు కూడా పాత పెట్రోలు కాదు. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలుస్తోంది. అది నీళ్లను పీల్చుకుంటుంది, ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజులన్నీ అదే పెట్రోలుతో మోటారును మూలపడేసి, తెరిచిన రోజున తాడు లాగి లాగి భుజం పట్టేసిందంటారు. కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టొచ్చుగా! నిషేధం రోజులు ఉన్నదే చేపలకీ, ఇంజన్లకీ. ఇప్పుడు ఆ రెండు నెలలూ బోటు మీదికి ఎక్కేవాడు లేడు, జూన్ 12న అందరికీ ఒకేసారి మెకానిక్కు కావాలి.

మంచి కూడా ఒప్పుకోవాలి, లేకపోతే మా ఆవిడే నన్ను తిడుతుంది. మా రస్టన్ ఇంజన్లను హ్యాండిల్ వేసి తిప్పేవాళ్లం. డీకంప్రెషన్ లివరు ఎత్తి, ఊపు అందాక వదలాలి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. విరిగిన వేళ్లు మా తరంలో చాలానే ఉన్నాయి. అది తిరిగి రావాలని నేనేం కోరుకోవడం లేదు. 1996 నవంబరు 6 తుపానులో ఈ తీరం ఎంతమందిని పోగొట్టుకుందో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ రోజున చేతిలో ఫోన్లు గానీ వైర్‌లెస్ గానీ లేవు. ఇప్పుడు ఉన్నాయి, జీపీఎస్ ఉంది, ఇంజను ఆగితే కనీసం ఎక్కడ ఉన్నామో చెప్పగలరు. సంతోషం. ఆగకుండా చూసుకోవడానికి కూడా ఓ చెయ్యి ఖాళీ ఉంచుకోమంటున్నా.

ఎందుకంటే ఇప్పుడు కొత్త వరస మొదలైంది. ఇంజను చప్పుడు ఫోన్లో రికార్డు చేసి నాకు పంపుతారు, జబ్బేమిటో చెప్పమని. నిన్న కాక మొన్న ఒకడు పంపాడు. వెనకాల పాట, కాకుల గోల, ఎవడో ఐసు కోసం అరుస్తున్నాడు. ఆ మధ్యలో ఎక్కడో ఇంజను. "ఒరేయ్, ఫోన్ పక్కన పెట్టు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకో. ముందు పంపు దగ్గర, తర్వాత ఒక్కో వాల్వు దగ్గర. ఠకఠక ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ ఆగు" అని చెప్పాను.

"బోట్లో స్క్రూడ్రైవరు లేదు తాతా. మెకానిక్కు పట్టుకుపోయాడు."

లక్షలు పోసి సెకండ్‌హ్యాండు బోటు కొన్నాడు, వేటకు పోతాడు, అందులో స్క్రూడ్రైవరు లేదు. పానాలున్నాయా అంటే అవీ లేవు. స్పేరు ఇంపెల్లరు, ఫిల్టరు, జానెడు గొట్టం? "అన్నీ ఒడ్డున దొరుకుతాయి కదా" అంటాడు. ముందు పానాల సెట్టు ఒకటి కొనుక్కుని అప్పుడు ఫోన్ చెయ్యమన్నాను. ఇంకా చెయ్యలేదు.